చేలలో అగపడు జింకపిల్లలు, గాయపడిన వన్యమృగములు: రైతులు చేయదగినదియు చేయరానిదియు

జొన్నకోతలు, వేరుసెనగ తీత, చెఱకు నఱకుడు జరుగు దినములలో చేని నడుమ అడవిమృగముల పిల్లలు కనబడుట మన రైతులకు క్రొత్త కాదు. కొడవలి యాడుచుండగా ముందరి సాలులో గోధుమరంగు జింకపిల్ల యొకటి కదలక మెదలక ముడుచుకొని పరుండియుండును. మనిషి దాపునకు పోయినను లేవదు. చేతితో ఎత్తినను గింజుకొనదు. చూచినవారికి జాలి గలుగును. తల్లి చచ్చినదనియో, విడిచిపోయినదనియో తలచి కూలివారిలో ఎవరో ఒకరు దానిని ఒడిలో పెట్టుకొని యింటికి గొనిపోవుదురు. పిల్లలు చుట్టును మూగుదురు. గేదెపాలు పోయుదురు. మఱునాడు అది పారుకొనుట మొదలుపెట్టును. మూడవనాడో నాలుగవనాడో చచ్చును. దాని ఆయువు అంతియేయని అందఱును అనుకొందురు.

ఆయువు తీఱి చచ్చినది కాదు. చాల పర్యాయములు ఆ పిల్లకు తల్లి యుండును. అది గట్టునకు ఆవల పొదల చాటున నిలిచి, మనుష్యులు ఎప్పుడు తొలగిపోవుదురా యని కనిపెట్టుకొని యుండును. చేలలో దొరకు పిల్లలలో నిజముగా తల్లిలేనివి కొద్ది; మన దయచేతనే తల్లినుండి వేఱుపడినవి హెచ్చు. ఈ కరపత్రము వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే. గాయపడిన మృగముల విషయమును, వానివలన మనకు గల అపాయమును తరువాత చెప్పెదము.

తల్లి దాచిపోయిన పిల్ల

కృష్ణజింకలలో మగదానిని ఇఱ్ఱి యనియు ఆడుదానిని లేడి యనియు మనవారందురు. లేడి సుమారు ఆఱు మాసములు చూలు మోసి సాధారణముగా ఒక పిల్లనే యీనును. పుట్టిన పిల్ల కొంతసేపటికే లేచి నిలువగలదు గాని, కుక్కను గాని తోడేలును గాని తప్పించుకొని పరుగెత్తు బలము దానికి వెంటనే రాదు. కావున తొలి రెండు వారములు దానికి రక్ష దాగుటయే. తల్లి దానిని ఎత్తైన గడ్డిలోనో పైరులోనో పరుండనిచ్చి తాను దూరముగా పోయి మేయును. దగ్గఱనే నిలిచియున్నచో తన యాకారమును తన వాసనయు శత్రువునకు దారి చూపును. దినమునకు కొన్ని సారులు మాత్రమే వచ్చి పాలిచ్చి, పిల్ల తోక క్రింద నాకి, దాని మలమూత్రములను తానే మ్రింగి మరల పోవును. అందుచే ఆ చోట వాసన మిగులదు. పిల్లయు ఆపద దాపైనప్పుడు మెడను నేలకు చాచి, చెవులు వెనుకకు వంచి, రాయివలె పడియుండును. దానిని చూచి మనము నీరసించినదనుకొందుము. అది తన పని తాను చక్కగా చేయుచున్నది.

దుప్పి, మనుబోతు పిల్లలును తొలిదినములలో ఇట్లే దాగియుండును. కుందేటి విషయము మఱింత వింతయైనది. దాని పిల్లలు పుట్టుకతోనే బొచ్చు కలిగి కన్నులు తెఱచియుండును. తల్లి సాధారణముగా పగలెల్ల వానియొద్దకు రాక, చీకటి పడిన పిమ్మట వచ్చి కొద్ది నిమిషములు పాలిచ్చి పోవును. పగలంతయు కాచి చూచినవాడు తల్లి లేదనియే ప్రమాణము చేయును.

ఇది నమ్మశక్యము కాదని తోచినవారు తమ పశువులనే తలచుకొనవలయును. మందతో అడవికి పోయి అచ్చటనే యీనిన ఆవు, దూడను పొదలో దాచి తాను మందతో తిరుగుట పసులకాపరు లెఱుగని విషయము కాదు. ఆ యావు వెంట ఒక పూట తిరిగినగాని దూడ యున్న చోటు తెలియదు. అడవిలో తల్లియు అట్లే చేయును.

కావున పిల్ల కనబడినప్పుడు మొదట చేయవలసినది దానిని ముట్టక వెనుకకు తొలగుటయే. పది బారల దూరమున గుర్తునకు ఒక కఱ్ఱ నాటి, ఆ చుట్టును కొంత పైరును కోయక నిలిపి, కోత చేనికి మఱియొక వైపున సాగింపవలయును. నాలుగు గజముల చదరపు జొన్న ఒక్క రాత్రి నిలిచినందువలన రైతునకు కలుగు నష్టము లేదు. కుక్కలను కట్టివేయవలయును, ఇది అన్నిటికన్న ముఖ్యము, ఏలయనగా జింకపిల్లలకు ఊరకుక్కను మించిన మృత్యువు లేదు. కూలివారును పిల్లలును చూచుటకు మూగకుండ చేయవలయును. సాయంకాలము చేను విడిచి అందఱును పోయిన తరువాత తల్లి వచ్చును. మఱునాటి యుదయమున దూరమునుండి చూచినచో చాల పర్యాయములు ఆ చోటు శూన్యముగా నుండును.

మనుష్యుని చేయి తగిలిన పిల్లను తల్లి ముట్టదను మాట పల్లెలలో గట్టిగా నాటుకొనియున్నది. ఇది సరికాదు. పాలతో పొదుగు బరువెక్కిన తల్లి అంత తేలికగా పిల్లను విడువదు. అయినను చేతితో ముట్టకుండుటయే మేలు; మన నడకచే ఏర్పడు జాడయు మన వాసనయు కుక్కలను నక్కలను అచ్చటికి తెచ్చును. తెలియక ఎవరైన పిల్లను ఇంటికి తెచ్చియున్నచో, "ఇక లాభము లేద"ని ఊరకుండక, ఆ దినమే, తెచ్చిన చోటనే దానిని విడిచి రావలయును. ఒక రాత్రి గడచినను ఈ ప్రయత్నము మానరాదు. తల్లి పిల్లను విడిచిన చోటనే వెదకును గాని ఊరిలోనికి వచ్చి వెదకదు. కనుక వేఱొక చేనిలో, నీడ బాగున్నదని, విడుచుట తగదు.

నిజముగా తల్లిలేని పిల్లను గుర్తించుటెట్లు? తల్లి కళేబరము దగ్గఱలో పడియుండుట స్పష్టమైన గుర్తు. పిల్ల దాగియుండక గంటల తరబడి అఱచుచు తిరుగుట రెండవది. కన్నులు లోతునకు పోవుట, మెడచర్మమును పట్టి విడిచినచో మడత వెంటనే సాగక నిలుచుట, దేహము చల్లబడుట, ఈగలు గ్రుడ్లు పెట్టుట, పుండులో పురుగులు పడుట, ఎముక విఱిగియుండుట: వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక అటవీశాఖవారికి కబురు పంపవలయును. ఇవేవియు లేనప్పుడు, ఒక రాత్రి గడచువఱకు, దానికి తల్లి కలదనియే యెంచవలయును.

చెఱకు తోటలు, చిరుతపిల్లలు

చెఱకు తోట సంవత్సరములో అధికభాగము మనుష్యసంచారము లేని చిన్న అడవివంటిది. నీరు, నీడ, ఎలుకలు, పందులు అన్నియు నచ్చట గలవు. అందుచే అడవిపిల్లి అందు పిల్లలను పెట్టును, చిరుతపులియు పెట్టును. మహారాష్ట్రములో పూణె జిల్లా జున్నరు ప్రాంతమున ఇది ప్రతి సంవత్సరము నఱకుడు కాలములో జరుగుచున్న సంగతి. కూలివారు చెఱకు కొట్టుచు పోగా నేలమీద రెండో మూడో పిల్లలు అగపడును. పూర్వము వానిని తీసికొని బోనులలో పెంచెడివారు. అట్లు పెరిగిన చిరుత మరల అడవికి పనికిరాదు. జీవితమంతయు బోనులోనే గడపవలయును.

ఇప్పుడు అచ్చటి అటవీశాఖవారును, మాణిక్‌డోహ్ చిరుతల రక్షణకేంద్రపు పశువైద్యులును చేయుచున్న పని మిక్కిలి సులభమైనది. నఱకుడు ఆపించి, పిల్లలను పరీక్షించి, సాయంకాలమున వానిని అవి దొరకిన చోటనే తెఱచియున్న పెట్టెలో నుంచి, జనులను దూరముగా పంపివేయుదురు. చీకటిలో తల్లి వచ్చి ఒక్కొక్కదానిని మెడపట్టి ఎత్తుకొని పోవును. మొదటి రాత్రి రానిచో మఱునాటి రాత్రి మరల ప్రయత్నింతురు. ఈ రీతిని ఎన్నో పిల్లలు తల్లులను చేరినవి.

ఇందు మృగమునకు మాత్రమే మేలు కలదని తలపరాదు. పిల్లలను పోగొట్టుకొన్న తల్లి ఆ చేలనే వెదకుచు తిరుగును. నీరు కట్టుటకు రాత్రి పోవు రైతునకు దానికన్న అపాయకరమైన జంతువు వేఱొకటి లేదు. పిల్లలు తల్లికి చేరిన రాత్రియే ఆ చేనికి భయము తొలగును, ఏలయనగా అలజడి కలిగిన చోటునుండి చిరుత తన పిల్లలను వేఱొక తావునకు మార్చుకొనును.

అడవిపిల్లి పిల్లలను చూచి చిరుతపిల్లలని బెదరుటయు కలదు. అడవిపిల్లి కూన ఇసుకరంగున నుండి, మేన సన్నని చారలు లీలగా నుండును; చిరుతకూనకు మేనెల్ల నల్లమచ్చలు. ఏదియైనను చేయవలసిన పని యొక్కటే కనుక, గుర్తుపట్టుటకని చేతిలోనికి తీసికొనవలసిన యక్కఱ లేదు.

కోత పద్ధతి మార్చుకొనినచో ఈ చిక్కు చాలవఱకు తప్పును. నాలుగు దిక్కులనుండి లోనికి కోసికొనుచు పోయినచో లోపలి ప్రాణులన్నియు నడిమి మడిలో చిక్కుకొని కడపట కొడవలి పాలగును, లేదా మనుష్యులమీద పడును. బీడు గాని వాగు గాని ఉన్న దిక్కును విడిచి, ఎదుటి దిక్కునుండి కోత మొదలుపెట్టి అటువైపునకు సాగవలయును. నఱకుడునకు ముందు సాయంకాలము డబ్బా మ్రోగించుచు చేనిగట్లపై ఒకసారి తిరుగుటయు మంచిదే. ఆకు తగులబెట్టువారు నాలుగు వైపుల ఒక్కసారి నిప్పు పెట్టుట మిక్కిలి క్రూరమైన పని. అందు దాగిన ప్రాణికి దారియే యుండదు.

పాలు పోయుట

దొరకిన పిల్లకు పాలు పోయకుండుట మనవారికి మిక్కిలి కష్టమైన పని. ఆకలిగొన్న నోటికి పాలు పోయుట పుణ్యమని చిన్ననాటినుండి వినియున్నాము. కాని అడవిపిల్లలు చచ్చుటకు ఈ పాలే ముఖ్యకారణములలో నొకటి.

ప్రతిజాతి పాలును ఆ జాతి పిల్లకే యేర్పడినవి. జింకజాతుల పాలు సాధారణముగా ఆవుపాలకన్న చిక్కనివి. వెన్నయు మాంసకృత్తులును వానిలో హెచ్చు. చక్కెర పాలు వేఱు. గేదెపాలు చిక్కనివే గదా యని పోసినచో అరుగుదల చెడి పారుడు పట్టును. వ్రేలెడంత ప్రాణము, ఒంటిలోని నీరు ఒక్క దినములో పోవును. నీళ్లు కలిపి పలుచన చేసినచో ఆకలి తీఱదు. పిల్లిజాతి కూనలకు ఆవుపాలలోని చక్కెర అసలే సరిపడదు.

పాలకన్న పాలు పోయు తీరు మఱింత హానికరము. మన పసిపిల్లలను ఒడిలో వెల్లకిల వేసికొని ఉగ్గుగిన్నెతో పట్టినట్లు జింకపిల్లకు పట్టుదురు. నెమరువేయు జంతువు పిల్ల నిలువబడి, మెడ చాచి, ముట్టె పైకెత్తి కుడుచునప్పుడు దాని గొంతునుండి నాలుగవ కడుపునకు లోపల ఒక కాలువ యేర్పడి పాలు తిన్నగా అచ్చటికి చేరును. నోరు తెఱచి పోసినచో అవి పెద్దకడుపులో పడి పులియును; లేదా పొలమాఱి ఊపిరితిత్తులలోనికి పోవును. గొట్టముతో మందు తప్పుగా పోయుటచే మంచి యెద్దు రెండు దినములలో ఆయాసముతో చచ్చుట చూచినవారు మనలో కలరు. ఇదియు అదియే. దెబ్బతగిలి సగము స్పృహతో నున్న మృగమునకు నీరు పోయుటయు ఇట్టిదే కాబట్టి అదియు తగదు.

ఇంకను ఒక విషయము కలదు. తొలిదినములలో పిల్ల తనంతట తాను మలమూత్రములు విడువజాలదు. తల్లి నాకినగాని కదలిక రాదు. పాలు పోసి ఈ సంగతి నెఱుగనివారి చేతిలో పిల్ల కడుపుబ్బి చచ్చును. మఱియు ఆవుదూడకు జున్నుపాలు తప్పక కుడుపవలెనని మనమెఱుగుదుము; తల్లి రక్తమునుండి దూడకు రాని రోగనిరోధకశక్తి జున్నుపాలవలననే, అదియు పుట్టిన మొదటి దినముననే, వచ్చును. జింకపిల్లకును అంతే. పుట్టిన గంటలలోనే తల్లినుండి తెచ్చిన పిల్ల పది దినములు బ్రదికినను చిన్న రోగమునకే లోబడును. నిజముగా తల్లిలేని పిల్లకు పాలు పట్టవలసివచ్చినచో అది పశువైద్యుని చేతిమీదుగా జరుగవలయును. ఆయన వచ్చులోపల దానిని గాలి తగులు చీకటి చోట, గోనెపట్టాపై, సద్దు లేకుండ ఉంచుటయే చాలును. కొన్ని గంటల ఆకలిచేత పిల్ల చావదు.

పెంచుకొనుట

అన్నిటిని దాటి బ్రదికిన పిల్లను వదలుటకు మనసు రాదు. జింకపిల్ల వాకిట తిరుగుట ఇంటికి అందమే. కాని మగపిల్లకు రెండేండ్లు దాటి కొమ్ములు మెలికలు తిరిగిన తరువాత, మనుష్యులయందు భయము లేనందున, పెంచినవానినే తన జాతి మగవానిగా నెంచి పోరునకు వచ్చును. అడవిలోని ఇఱ్ఱి మనిషిని చూచి పాఱిపోవును. పెంపుడు ఇఱ్ఱి పొట్టలో పొడుచును. ఆడుపిల్ల పొడువదు గాని కుక్కకు బెదరక దానిచేతనే చచ్చును. వీనిని అడవిలో విడిచినను బ్రదుకుట కష్టము.

చట్టమును దీనిని ఒప్పుకొనదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము రక్షణ పొందిన మృగమును చంపుట మాత్రమే గాక పట్టుటయు వేటయే. ఏ కారణముచేతనైన అట్టి మృగము చేతికి వచ్చినవారు 48 గంటలలోపల దగ్గఱి పోలీసుఠాణాకో, అధికారము గల అటవీయుద్యోగికో తెలుపవలయును. దయతో తెచ్చి వెంటనే తెలిపినవానికిని, ఊరకుండి ఆఱుమాసములకు పట్టుబడినవానికిని గల భేదము ఈ 48 గంటలలోనే యున్నది. తన ప్రాణమును గాని ఇతరుల ప్రాణమును గాని కాపాడుకొనుటకు సద్బుద్ధితో మృగమును గాయపఱచుట నేరము కాదనియు ఆ చట్టమే చెప్పుచున్నది.

ఇచ్చట రైతులు అడుగు ప్రశ్న యొకటి కలదు, అది న్యాయమైనదే. "మా వేరుసెనగను, సెనగను మేయు జింకకు మేము ఉపకారము చేయవలెనా? పందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న మడిని దున్నినట్లు చేసినప్పుడు ఎవరు వచ్చిరి?" 1988 లో బట్టమేకపిట్టల కొఱకు కర్నూలు ప్రాంతమున ఏర్పఱచిన రోళ్ళపాడు అభయారణ్యమునందు కృష్ణజింకలు విస్తరించి చుట్టుప్రక్కల చేలకు నష్టము కలుగజేసినవి, రైతుల కోపము ఆ పక్షులమీదికిని మఱలినది. కృష్ణాతీరపు చేలలోను ఈ బాధ కలదు. దీనిని చిన్నదిగా చూపుట ఈ కరపత్రము ఉద్దేశము కాదు. పంటనష్టమునకు పరిహారము కోరుట రైతు హక్కు. అది వేఱుగా, గట్టిగా, వ్రాతమూలకముగా కోరవలసినది. కాని పొలములో పడియున్న రెండు దినముల పిల్లమీద ఆ లెక్క తీర్చుకొనినచో పైరు దక్కదు. పిల్లను ఇంటికి తెచ్చినను దక్కదు. మఱి యీ కోపముచేతనే కొందఱు కంచెతీగకు కరెంటు పెట్టుచున్నారు. ఆ తీగ పందిని, జింకను, పొరుగురైతును, పెట్టినవాని కుమారుని వేఱు చేసి చూడదు. అట్లు మనుష్యులు చచ్చిన సంగతులు తఱచు వినుచునే యున్నాము.

గాయపడిన మృగము

బండి క్రిందనో, కుక్కల చేతనో, ఉచ్చులోనో దెబ్బతిన్న మృగము కనబడినప్పుడు జనుల గుమి దానికి రెండవ గాయము. చిరుత, ఎలుగుబంటి, అడవిపంది, తోడేలు, పెద్ద ఇఱ్ఱి, మనుబోతు: వీని దాపునకు పోనేరాదు. పడియున్నదని నమ్మరాదు, చావు దాపైన పందియు లేచి కోరతో చీల్చును. కోతిపిల్లను ఎత్తినవానిమీదికి మంద యంతయు వచ్చును. ఎలుగు తన పిల్లలను వీపుపై మోసికొని తిరుగును. ఒంటరిగా ఎలుగుపిల్ల కనబడినచో తల్లి కూతవేటు దూరములోనే యున్నదని యెంచి వచ్చిన దారినే మరలవలయును.

జింక విషయమున రైతులకు తెలియని యపాయ మొకటి కలదు. దానిని కుక్కలనుండి విడిపించి, కాళ్లు కట్టి, ఊరిలోనికి తెచ్చినప్పుడు గాయము చిన్నదిగానే యుండును, బాగుగానే చూచుచుండును. తెల్లవాఱుసరికి చచ్చియుండును. భయముచేతను గింజులాటచేతను కండరములు తట్టుకొనలేనంతగా వేడెక్కి లోలోన చెడిపోవును. అట్లు చెడిన కండలనుండి వెలువడు విషము మూత్రపిండములను గుండెను పాడుచేయును. మూత్రము కాఫీరంగున వచ్చుట దీని గుర్తు. కొన్నింటికి ఇది గంటలలో, కొన్నింటికి దినములకు ప్రాణాంతకమగును. ముదిరిన పిమ్మట మందు దాదాపు లేదు. కాబట్టి తఱుముట, పెనుగులాడుట, చుట్టును కేకలు, ముఖముపై దీపము, చేతిఫోనులతో ఫొటోలు తీయుట ఇవన్నియు దానిని చంపు పనులే.

అటవీశాఖవారు వచ్చుటకు ఆలస్యమగునప్పుడు, లేదా వారి యనుమతితో దానిని కదల్పవలసినప్పుడు, మొదట దాని కన్నులమీద పంచెగుడ్డ కప్పవలయును. చూపు మూసినంతనే జింక చాలవఱకు శాంతించును. ముక్కు మూయరాదు. ప్రక్కకు పండబెట్టక, పశువు నెమరువేయుటకు కూర్చున్నట్లు ఱొమ్ము నేలకానించి, కాళ్లు మడిపించి, తల పైకి నిలిపి పట్టుకొనవలయును. ప్రక్కవాటున చాలసేపు పడియున్న నెమరుజంతువునకు కడుపుబ్బును, కడుపులోనిది గొంతునకు వచ్చి ఊపిరాడదు. పశువులు పెంచువారికి ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. నీడనుంచవలయును. ఎండలో రొప్పుచున్నచో ఒంటిమీద నీరు చల్లవచ్చును. పసరులు, పసుపు, కిరసనాయిలు గాయములపై వేయరాదు. కాఱుచున్న రక్తమును శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుట చాలును.

తీగయుచ్చులో తగులుకొన్న మృగమును కోసి విడిచిపెట్టుట దయవలె తోచును. తీగ మాంసములోనికి దిగియున్నచో, విడువబడిన తరువాత ఆ కాలు కుళ్లి పది దినములకు చచ్చును. ఉచ్చులోని చిరుతను విడువబోయినవాని సంగతి చెప్పనే యక్కఱలేదు. అది గింజుకొనునప్పుడు తీగ తెగవచ్చును గూడ. వైద్యుడు మత్తుమందు వేసిన తరువాతనే దానిని విప్పవలయును.

ఉడుత, ముంగిస, పునుగుపిల్లి వంటి చిన్న జంతువులను చేతితో పట్టక, మందపు గోనె వేసి కప్పి, మూతగల గంపలోనో రంధ్రములు చేసిన అట్టపెట్టెలోనో ఉంచవలయును. బొచ్చు రాని కూనలకు ఆకలికన్న చలి ముందు చంపును. గోరువెచ్చని నీటిసీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవలయును.

బావిలో పడినప్పుడు

ఒరలేని మోటబావులు మన పొలములలో ఇంకను చాల కలవు. రాత్రులందు వేటవెంటబడిన చిరుతయు, నీటికి వచ్చిన జింకయు వానిలో పడును. తాళ్లతో ఉరివేసి లాగుట, రాళ్లు వేయుట, లోనికి దిగుట కూడదు. ఈదియీది అలసినది మునుగకుండ, నులకమంచమును నాలుగు కోళ్లకు త్రాళ్లు కట్టి నీటిమట్టమునకు దింపినచో మృగము దానిమీదికి ఎక్కి నిలిచియుండును. చిరుతలను ఈ మంచముతోనే ఎన్నో పర్యాయములు కాపాడిరి. తక్కిన పని అటవీశాఖవారిది. పిల్లి, పునుగు, ముంగిస వంటివి పడినచో గోనె చుట్టిన పొడుగైన మ్రానునో నిచ్చెననో ఏటవాలుగా దించి, ఆ రాత్రికి అందఱును తొలగిపోయినచో అవియే యెక్కి పోవును. బావికి నడుమెత్తు ఒర కట్టించుట మృగములకన్న ముందు మన పిల్లలకును పశువులకును మేలు.

కాటు, గీఱు, అంటువ్యాధులు

పగటివేళ భయము లేక ఊరిలోనికి నడచివచ్చు నక్కయు, తూలుచు చొంగ కార్చు ముంగిసయు సాధువైనవని తలపరాదు. పిచ్చికుక్కకాటు రోగము నక్క, తోడేలు, ముంగిస, కుక్కలనుండి మనకును పశువులకును సోకును. రోగలక్షణములు బయటపడిన తరువాత బ్రదుకుట దాదాపు లేదు. ముందుగా సూదిమందు వేయించుకొన్నచో దాదాపు చావు లేదు. ఇంత పెద్ద భేదము మఱి యే రోగమునందును కానరాదు. కాటుపడినను, గీఱుపడినను, పుండుమీద చొంగ తగిలినను వెంటనే ధారగా పడు నీటితో సబ్బు రుద్ది పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆస్పత్రికి పోవలయును. సున్నము, కారము, పసరు పెట్టరాదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు చెప్పు భయము నేడు లేదు. ఆ పాత మందును 2005 నాటికే మన దేశమున విడిచిరి. ఇప్పటి మందును చేతికి నాలుగైదు పర్యాయములు మాత్రమే, నెల దినములలోపల వేయుదురు. గాయము లోతైనచో దానిచుట్టును వేఱొక మందును వేయుదురు. నడుమ మానరాదు. కాటుపడిన పశువును గూడ పశువైద్యునికి చూపవలయును.

అడవిమృగమును పశువుల కొట్టములో కట్టుట మఱియొక పొరబాటు. గాలికుంటు వంటి రోగములు అడవిమేకకును ఇంటియావునకును భేద మెఱుగవు. 2011 లో ప్రపంచమునుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడిన ముసరవ్యాధి పూర్వము మందలను తుడిచిపెట్టునప్పుడు అడవిలోని నెమరుజంతువులను గూడ విడువలేదు. గాయము లేకయే చచ్చిపడి, ముక్కునుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచున్న మృగము దొమ్మరోగముతో చచ్చినదేమోయని యనుమానించి, దానిని కోయక, తోలు తీయక, మేత పశువులను ఆ దిక్కునకు పోనీయక కబురు పంపవలయును.

కబురు పంపునప్పుడు

అటవీశాఖ బీటు ఉద్యోగికో, రేంజి కచ్చేరికో, దగ్గఱి పశువైద్యశాలకో చెప్పునప్పుడు "జింక దొరకినది, రండి" అనినచో చాలదు. వారు పరికరములను, మందును, బోనును దానినిబట్టి తేవలయును. ఏ మృగము, సుమారు ఎంత పెద్దది, లేవగలదా, ఎప్పుడు ఎవరు చూచిరి, దానికి ఏమైన పెట్టిరా, ఎవరినైన కఱచినదా, గ్రామము, సర్వేనంబరు, బండి ఎంతవఱకు వచ్చును అను సంగతులు చెప్పవలయును. పిల్లను చోటునుండి కదిల్చియున్నచో అది దొరకిన గట్టును, సాలును, చెట్టును గుర్తుంచి చూపగలవానిని వారు వచ్చువఱకు ఊరిలో నిలిపియుంచవలయును. కూలికి వచ్చినవాడు సాయంకాలము తన ఊరికి పోయినచో ఆ చోటు ఇక నెవరికిని తెలియదు. తల్లి అచ్చటనే వెదకుచుండును.